ఒకే వల, మూడు ఆఫీసులు

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బస్సులో కూచున్నవాళ్ళకు కేతేపల్లి అంటే కొర్లపహాడ్ టోల్‌గేటు తర్వాత కనబడే ఒక బోర్డు, అంతే. ఆ చుట్టుపక్కల రైతుకూ మత్స్యకారుడికీ మాత్రం కేతేపల్లి అంటే మూసీ ప్రాజెక్టు. సోలిపేట దగ్గర 1954లో పని మొదలై 1963కు పూర్తయిన ఆనకట్ట అది. నిండు మట్టం 645 అడుగులు, నిలవ 4.46 టీఎంసీలు. కింద ముప్పై వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. 2019 అక్టోబరులో ఒక గేటు ఊడి కొట్టుకుపోయినప్పుడు పేపర్లన్నీ దీని పేరు పతాక శీర్షికల్లో రాశాయి. మిగిలిన రోజుల్లో ఇక్కడ వార్త ఉండదు, చేప ఉంటుంది.

సాయంత్రం వేసిన వలను తెల్లవారుతూనే ఎత్తుతారు. రవ్వ, బొచ్చె, జిలేబి పడతాయి. అదృష్టముంటే కొర్రమీను. ఒక్కోసారి వల బరువుగా వస్తుంది, సంబరపడి లాగితే అడుగున తాబేలు. కాళ్ళూ తలా చిప్పలోకి ముడుచుకుని, వల నూలును చుట్టుకుని, విడదీయబోతే వేలు కొరకడానికి చూస్తుంది. వల తెంపాలా, తాబేలును తెంపాలా అన్న చిన్న సమస్యతో పాటు ఇంకో పెద్ద సమస్య కూడా ఆ వలలోనే ఉంది. చేప సంగతి చూసేది మత్స్యశాఖ. తాబేలు సంగతి చూసేది అటవీశాఖ. నీటి తాబేలును పట్టడం పులిని పట్టినంత నేరం, రెండూ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోనివే. నీళ్ళు నీటిపారుదల శాఖవి, గేట్ల దగ్గరికి తెప్ప పోనివ్వాలా వద్దా అనేది వాళ్ళ మాట. ఒక మనిషి, ఒక తెప్ప, ఒక వల. మూడు ఆఫీసులు.

టెక్సస్‌లో ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాలు చెరువు ఒడ్డున గాలం వేసే మన పిల్లలకు ఈ సంగతి చెబితే వింతగా చూస్తారు. అక్కడ గేమ్ వార్డెన్ అని ఒకే మనిషి వస్తాడు. గాలానికి లైసెన్సు ఉందా అని అడిగేదీ, బకెట్లోని చేపను కొలబద్దతో కొలిచేదీ, జింకను కొట్టిన తుపాకి పట్టుకునేదీ, పడవలో లైఫ్ జాకెట్లు లెక్కపెట్టేదీ అతనే. బెల్టుకు పిస్తోలు, చేతిలో రసీదు పుస్తకం. అక్కడ ఒకడి చేతిలో ఉన్న పని ఇక్కడ ముగ్గురికి ఎట్లా చీలిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

అమెరికా కథ త్వరగా చెప్పుకోవచ్చు. మెయిన్ రాష్ట్రం 1852లో మూస్ అనే పెద్ద జింకను కాపాడటానికి వార్డెన్లను పెట్టింది. 1887లో మిషిగన్ ఈ పనికి జీతమిచ్చి విలియం ఆల్డెన్ స్మిత్ అనే లాయరును నియమించింది. రాష్ట్రం జీతమిచ్చిన మొదటి గేమ్ వార్డెన్ ఇతనే అంటారు. తర్వాత సెనేటరై, 1912లో టైటానిక్ మునిగినప్పుడు అమెరికా సెనేట్ విచారణ నడిపిందీ ఈయనే. చేపల కాపలాదారు చివరికి ఓడల పంచాయితీ తీర్చాడన్నమాట. పడవలు వార్డెన్ల చేతికి వచ్చింది మాత్రం 1958లో. మోటారు పడవలకు నంబర్లు వేసే పనిని ఆ ఏడాది ఫెడరల్ చట్టం రాష్ట్రాలకు అప్పగించింది. చాలా రాష్ట్రాలు, ఎట్లాగూ నీళ్ళ మీద తిరిగేది వీళ్ళే కదా అని, వేట శాఖకే ఆ పని కట్టబెట్టాయి. అంతకుముందే 1937లో ఇంకో ముఖ్యమైన ముడి పడింది. వేట లైసెన్సు డబ్బును వన్యప్రాణి శాఖకు తప్ప వేరే దేనికీ మళ్ళించని రాష్ట్రాలకే వాళ్ళ ఢిల్లీ, అంటే వాషింగ్టన్, నిధులిస్తానంది. వేటగాడి డబ్బుతోనే వేటగాణ్ణి కాసే మనిషికి జీతం. కొంగ ఈకల టోపీల ఫ్యాషను నడిచే రోజుల్లో, 1905లో, ఫ్లోరిడాలో కొంగలను కాస్తున్న గై బ్రాడ్లీ అనే వార్డెన్‌ను ఈకల వేటగాడొకడు కాల్చి చంపాడు. ఆ చావు తర్వాతే ఈ ఉద్యోగం అంటే ఏమిటో జనానికి అర్థమైంది.

మన దగ్గర కథ జంతువుతో మొదలవలేదు, కలపతో మొదలైంది. రైలు పట్టాల కింద పరిచే స్లీపర్లకు టేకూ, మద్దీ కావలసి వచ్చి ఇంగ్లీషువాళ్ళు అటవీశాఖ పెట్టారు. 1865లో ఒక చట్టం, చాలక 1878లో ఇంకొకటి. రిజర్వు అడవిలో ఏమేం చేయకూడదో ఈ రెండో చట్టంలో ఒక పట్టిక ఉంది. 1927 చట్టంలోనూ అదే పట్టిక కొనసాగింది. నిబంధనలకు విరుద్ధంగా వేటాడటం, తుపాకి కాల్చడం, చేపలు పట్టడం, నీళ్ళలో విషం కలపడం, ఉచ్చులూ బోనులూ పెట్టడం, ఇవన్నీ అందులో ఒకే వాక్యంలో ఉన్నాయి. అంటే మొదట్లో మన ఫారెస్టు గార్డు కూడా టెక్సస్ వార్డెన్ లాంటివాడే. తేడా అల్లా హద్దురాయి. రిజర్వు అడవి గీత దాటి చెరువు కట్ట మీదికి వస్తే అతని అధికారం అక్కడితో సరి.

నిజాం ఇలాకాలో ఈ బ్రిటిష్ చట్టాలు చెల్లవు. ఇక్కడి కానూన్లు వేరు, సంవత్సరాలు కూడా ఫసలీలో. జనం నోట్లో ఇప్పటికీ ఉన్న జంగ్లాత్ అనే మాట ఆ కాలానిదే. ఆ శాఖ చౌకీదారు ఊళ్ళోకి వస్తే కట్టెల మోపు దాచుకునేవాళ్ళు. వేటకు మాత్రం వేరే లెక్క. మంచి అడవులను షికార్‌గాలని పేరుపెట్టి ప్రభువుల కోసం, వాళ్ళ అతిథుల కోసం అట్టిపెట్టారు. పాఖాల, పోచారం అట్లాంటివే. నల్లమల పైన అమ్రాబాద్ పీఠభూమి మీది ఫరహాబాద్ కూడా నిజాం షికారు చోటే. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాద్ రాజ్యం పక్షుల సర్వే చేసినప్పుడు ఆ ఫరహాబాద్‌లోనూ మకాం వేశాడు. పులులను ఎవరూ కొట్టకూడదన్న నియమం ఉండేది, ఎందుకంటే అవి దొరవారు కొట్టడానికి ఉన్నాయి కాబట్టి. కాపలాదారు కాసింది జంతువును కాదు, ప్రభువు వంతును. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు గానీ, అడవి అట్లా మిగిలినందువల్లే ఇవాళ పాఖాలా, పోచారం, అమ్రాబాద్ అభయారణ్యాలయ్యాయన్నది కూడా నిజమే. చెడ్డ ఉద్దేశంతో వేసిన కంచె లోపల మంచి చెట్టు పెరగడం మన చరిత్రలో కొత్త కాదు.

చేపల కాపలా కథ పూర్తిగా వేరే దారిన వచ్చింది. దానికి మూలం తూటా.

ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైటుకు పేటెంటు తీసుకున్నది 1867లో. కొద్ది ఏళ్ళలోనే అది రైలు సొరంగాలకూ, కాలువ పనులకూ, రాళ్ళ గనులకూ వచ్చింది. అక్కడ పనిచేసే కూలీల చేతుల్లోంచి నదిలోకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో దీని సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. గట్టి రాతి నేల మనది. పది గజాలు దిగేసరికి బండ. బావి తవ్వాలంటే బండకు రంధ్రం వేసి, మందు కూరి, వత్తి అంటించి పరిగెత్తాలి. బావి పని అయ్యాక మిగిలిన తూటా ఇంట్లో ఊరికే ఉండదు.

నీళ్ళలో తూటా పేలితే చేపకు గాయం కనబడదు. చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది, నీళ్ళలో తేలేదీ మునిగేదీ దానితోనే. పేలుడు అదురుకు ఆ తిత్తి పగిలిపోతుంది. పెద్ద చేపలు కొన్ని తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలతాయి. పట్టేవాడికి దక్కేవి అవే. చాలావాటికి తేలే దిక్కు కూడా ఉండదు, అడుగుకు పోతాయి. వేలెడంత పిల్లలు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన నలుసులు, అవి తినే నీటి పురుగులు ఆ మేరకు మొత్తం పోతాయి. బుట్టెడు చేపల కోసం మూడేళ్ళ పంట పోవడం అంటే ఇదే. విషం వేయడమూ అంతే. గింజలు నూరి, గోనెల్లో కట్టి మడుగులో పిసికితే చేపలు మత్తెక్కి పైకి వచ్చే పాత పద్ధతి ఒకటి మన పల్లెల్లో ఉండేది. ఎండాకాలం చిన్న మడుగులో అది ఒక ఊరి పండగ. పారే ఏట్లో చేస్తే కింది ఊళ్ళకు శాపం.

ఈ లెక్కలు మొదట కట్టిన మనుషుల్లో ఇద్దరు మద్రాసు రాష్ట్రంలో పనిచేసినవాళ్ళు. ఫ్రాన్సిస్ డే మద్రాసు సైన్యంలో డాక్టరు. చేపల మీద పిచ్చితో చివరికి దేశం మొత్తానికీ మత్స్య ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. జిల్లాల అధికారులందరికీ ప్రశ్నలు పంపి, ఏ వల కన్ను ఎంత, ఏ నెలలో పడతారు, విషం వేస్తారా అని అడిగి 1873లో పెద్ద నివేదిక అచ్చువేశాడు. రెండో ఆయన హెన్రీ సలివన్ థామస్, సివిల్ సర్వీసు అధికారి, గాలం వేటగాడు. గాలం వేటగాడికి చేపల మీద ఉండే ప్రేమ కొంచెం స్వార్థపు ప్రేమే అయినా, ఆ స్వార్థమే ఈ చట్టానికి ఊపిరి పోసింది. ఆనకట్టలు కట్టడంతో చేప ఎదురెక్కే దారి మూసుకుపోయిందని, పిల్ల చేపలను పట్టేస్తున్నారని ఈ ఇద్దరూ మొత్తుకున్నారు. సర్కారు పాతికేళ్ళు నానబెట్టి 1897లో మత్స్య చట్టం తెచ్చింది. పేలుడు మందుతో గానీ విషంతో గానీ చేపలు చంపితే రెండు నెలల ఖైదు, లేదా రెండు వందల రూపాయల జరిమానా. ఆనాటికి అది పెద్ద మొత్తమే. పోలీసులే కాక, ప్రత్యేకంగా అధికారం పొందిన ఎవరైనా పట్టుకోవచ్చన్నారు. వలల కొలత, వేట నిషేధపు రోజులు లాంటివి రాష్ట్రాలే నిబంధనలు రాసుకోవాలన్నారు. ఇక్కడ అటవీశాఖ ఊసు లేదు. అడవి వెలుపలి నీళ్ళ కోసం కొత్త దారి పడింది. 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసులో మత్స్యశాఖకు పునాది వేశాక ఆ దారి రోడ్డయింది. సహకార సంఘాల పితామహుడని మనవాళ్ళు తలచుకునే నికల్సనే ఈయన. మత్స్యకారులకు సొసైటీలు కావాలన్న ఆలోచనకూ, చేపల కాపలాకూ ఒకే మనిషి కర్త కావడం కాకతాళీయం కాదు.

ఈ 1897 చట్టం కూడా అప్పట్లో మూసీ దాకా రాలేదు. 1956 నవంబరు 1కి ముందు 'బి' తరగతి రాష్ట్రాలుగా, అంటే పాత సంస్థానాలుగా, ఉన్న ప్రాంతాలకు ఇది వర్తించదని చట్టంలోనే ఉంది. హైదరాబాద్ అట్లాంటి రాష్ట్రమే. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసిన రోజున కృష్ణకు ఆ ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం, ఈ ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం. నది మధ్యలో ఈదే చేపకు రెండు రాజ్యాల కానూన్లు.

చీలిక గట్టిపడింది రాజ్యాంగంతో. చేపల పెంపకం, చేపల వేట రాష్ట్ర జాబితాలో 21వ అంశం. వన్యప్రాణులు కూడా మొదట రాష్ట్ర జాబితాలోవే. 1976లో 42వ సవరణ వాటిని అడవులతో పాటు ఉమ్మడి జాబితాకు మార్చింది. దేశంలోపలి నీళ్ళ మీద యంత్రంతో నడిచే పడవలు ఉమ్మడి జాబితాలో 32వ అంశం. ఒక వల ఎత్తిన మనిషి మూడు అంశాల కింద మూడు రకాల పౌరుడు. దీన్ని ఎవరో కుట్రపన్ని చేశారనుకోనక్కరలేదు. పాత దారులు ఎక్కడివక్కడ ఉండగా వాటి మీదే గీతలు గీశారు, అంతే.

ఇందిరాగాంధీ హయాంలో 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి ఒక చమత్కారమైన పుట్టుక ఉంది. వన్యప్రాణులు అప్పటికి రాష్ట్రాల అంశం కాబట్టి, ఈ చట్టం మీరే చేయండని రాష్ట్రాల శాసనసభలు తీర్మానించి పార్లమెంటును అడగాలి. అట్లా అడిగిన పదకొండు రాష్ట్రాల పేర్లు 1972లో చట్టం మొదటి పుటలోనే ఉండేవి, అక్షర క్రమంలో మొదటిది ఆంధ్రప్రదేశ్. మన ఊళ్ళ ఎమ్మెల్యేలు ఏదో ఒక మధ్యాహ్నం చేతులెత్తినందుకే ఇవాళ నల్లగొండ చేలల్లో నెమలి తిరుగుతోంది. చట్టం వేట అన్నమాటకు అర్థం విస్తరించింది. చంపడమే కాదు, పట్టడం, ఉచ్చు పెట్టడం, తరమడం, గుడ్లు తీయడం, గూడు చెరపడం, ఇవన్నీ వేటే. అయితే షికారు లైసెన్సులకు అప్పుడింకా చోటుంది. 1991 సవరణతో ఆ తలుపూ మూశారు. 2024 ఆగస్టులో సిరిసిల్ల వైపు ఒకాయన నెమలి కూర వండటం ఎట్లాగో యూట్యూబులో చూపించి అటవీశాఖ కేసులో ఇరుక్కున్నాడు. దొంగతనంగా చేయాల్సిన పనిని వీడియో తీసి పెట్టేంత అమాయకత్వం చట్టానికి యాభై ఏళ్ళు నిండాక కూడా మిగిలే ఉంది.

ఈ చట్టంలో చేపకు చాలాకాలం చోటు లేకపోయింది. 2001లో తిమింగల సొర ఒకటి చేరింది, తర్వాత మరికొన్ని సొరలూ టేకు చేపలూ. నీటి తాబేలు మాత్రం ఎప్పటినుంచో ఉంది, మొసలి ఉంది, నీటికుక్క ఉంది. అందుకే మూసీలో వల వేసేవాడికి ఆ చిక్కు. అతను మత్స్యశాఖకు ఫోను చేస్తే, అది ఫారెస్టోళ్ళది అంటారు. నిజానికి చట్టప్రకారం అతను చేయాల్సింది చిన్న పని: ప్రాణంతో ఉన్నదాన్ని అక్కడే నీళ్ళలో వదిలేయాలి. వల తెగుతుంది. దానికి నష్టపరిహారం ఏ ఆఫీసులోనూ లేదు.

మూసీ దగ్గర అసలు కాపలా ఎవరిదో చూడండి. పెద్ద రిజర్వాయర్లలో మత్స్యశాఖ మనిషికింత అని లైసెన్సు ఇస్తుంది. చెరువుల్లో మత్స్యకారుల సహకార సంఘానికి హక్కు ఇస్తుంది. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలు వదులుతోంది. ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్లవి, నీళ్ళు నిలిచే జలాశయాలకు 80-100 మిల్లీమీటర్లవి. అంటే నీళ్ళలో ఉన్నది ఇప్పుడు దేవుడిచ్చిన చేప కాదు, సంఘం పద్దులో ఉన్న చేప. రాత్రి టార్చిలైటు పట్టుకుని కట్ట మీద తిరిగేది ముదిరాజులో, బెస్తలో, సంఘం సభ్యులే. దొంగ వల కనిపిస్తే వీళ్ళు లాగి ఒడ్డున పడేయగలరు, గొడవపడగలరు, ఫోను చేయగలరు. కేసు రాసే అధికారం లేదు. అధికారం ఉన్న మనిషి మండలాలు మండలాలు చూసుకోవాలి, చేతిలో పడవ ఉండదు.

కృష్ణ మీదికి పోతే ఇదే కథ పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. శ్రీశైలం వెనుక నీళ్ళు నిలిచే కొల్లాపూర్, సోమశిల ప్రాంతంలోనూ, నాగార్జునసాగర్‌లోనూ ఏళ్ళ తరబడి అలివి వలల గొడవ నడుస్తోంది. అలివి వల అంటే దోమతెర లాంటి సన్న కన్నున్న, వందల మీటర్ల పొడవైన వల. పడవలో పోయి నీళ్ళలో విల్లులా చుట్టివేస్తారు. రెండు కొసలూ పట్టుకుని రెండు గుంపులు ఒడ్డుకు లాగుతాయి. వల దగ్గరపడే కొద్దీ నీళ్ళు మరుగుతున్నట్టు ఎగసిపడతాయి. ఆ మరుగుతున్నదంతా వేలెడు పిల్లలు. మొన్న ప్రభుత్వం లారీల్లో తెచ్చి పోసినవి కూడా అందులోనే. ఇసుక మీద పరిచి ఎండబెట్టి, గోనెల్లో కుక్కి పంపించేస్తారు. మామూలు వలతో బతికే స్థానికులు ధర్నాలు చేస్తారు, అధికారులు వచ్చి వలలు పట్టి తగలబెడతారు, ఫోటో పేపర్లో పడుతుంది, కొన్నాళ్ళకు కొత్త వల వస్తుంది. కూలికి వచ్చి వల లాగేవాళ్ళు పొట్టకూటి వాళ్ళే, పెట్టుబడి పెట్టేవాడు ఒడ్డున కనబడడు. వల తగలబడినా అతనికి అది ఖర్చుల పద్దులో ఒక గీత.

మూసీలో ఇంకొక వేటగాడున్నాడు, అతన్ని ఈ మూడు ఆఫీసుల్లో ఏదీ పట్టలేదు. హైదరాబాద్ మురుగూ, ఫ్యాక్టరీల రసాయనాలూ మూసీలో కలిసి కిందికి వస్తాయి. తూటా వేసినవాడికి ఖైదు రాసిన 1897 చట్టం విషం సంగతి ఎట్లా రాసిందో చూస్తే విషయం తేలుతుంది: చేపలను పట్టాలనో చంపాలనో ఉద్దేశంతో విషం కలిపితేనే నేరం. ఉద్దేశమే లేకుండా, తన పైపులోంచి పోయేది ఎక్కడికి పోతుందో పట్టించుకోకుండా కలిపేవాడు ఆ వాక్యంలో దొరకడు. ఒక గంపెడు చేపలకు ఆశపడ్డ మనిషే చట్టం రాసినవాళ్ళ కళ్ళ ముందున్న నేరస్తుడు. ఆ ఖాళీ పూడ్చడానికి 1974లో జల కాలుష్య చట్టం వచ్చింది, కాలుష్య నియంత్రణ మండలి వచ్చింది. లెక్కకు అది నాలుగో ఆఫీసు.

పడవల సంగతి అన్నిటికంటే వెనకబడింది. 1917లో వచ్చిన చట్టం పేరే స్టీము పడవల చట్టం. యంత్రం ఉన్నవాటికి సర్వే, రిజిస్ట్రేషను, నడిపేవాడికి సర్టిఫికెట్టు. కృష్ణలో, మూసీలో తిరిగేది పుట్టి. వెదురు అల్లి కింద ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ గోనె పట్టా కట్టి తారు పూసిన గుండ్రటి బుట్ట అది. దాన్ని ఏ చట్టం కింద పెట్టాలో నూరేళ్ళు ఎవరూ ఆలోచించలేదు. శ్రీశైలం నీళ్ళు ముంచేసిన ఊళ్ళవాళ్ళకు అవతలి ఒడ్డు బంధువులు తెగిపోలేదు కదా, రోజూ పడవల మీదే రాకపోకలు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. ఆ శవాలు తీసిన నీళ్ళు మత్స్యశాఖవా, నీటిపారుదల శాఖవా, రెవెన్యూవా అని ఏడ్చేవాళ్ళను అడిగితే ఏం చెబుతారు? 2021లో వచ్చిన కొత్త చట్టం యంత్రం లేని పడవల గురించి కూడా ఒక అధ్యాయం రాసింది, వాటి నమోదును స్థానిక సంస్థలకు అప్పగించే వీలు కల్పించింది.

ఇక నల్లమల. వేట నేరం మీద కాపలా అనే పని ఎక్కడైనా నిజంగా కుదిరిందంటే అది ఇక్కడే అని నా అభిప్రాయం. ఫరహాబాద్ షికార్‌గా ఉన్న అడవిలోనే చెంచులు తరతరాలుగా విల్లూ బాణంతో బతికారు. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాళ్ళ మధ్య ఉండి పుస్తకం రాశాడు. ఆయన మాట మీద నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ మీద చెంచుల కోసం కొంత అడవి కేటాయించింది. 1978లో ఈ అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో భాగమైంది, 1983లో పులుల ప్రాజెక్టులో చేరింది, రాష్ట్రం విడిపోయాక ఇటువైపుది అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. చట్టం దృష్టిలో చెంచు రాత్రికి రాత్రి వేటగాడయ్యాడు. నక్సలైట్ల కాలంలో అధికారులు లోపలికి పోలేని ఏళ్ళు గడిచాయి. ఆ తర్వాత బేస్ క్యాంపులు పెట్టినప్పుడు వాచర్లుగా తీసుకున్నది ఎక్కువగా ఆ చెంచులనే. అయిదారుగురు ఒక రేకుల షెడ్డులో ఉండి, తెల్లవారుజామున వాగు వెంబడి నడుస్తారు. మోటారు సైకిలు క్లచ్ వైరుతో వేసిన ఉచ్చు, జింక మెడ ఎత్తులో, రెండు తుప్పల మధ్య వేలాడుతుంటుంది. ఆకుల నీడలో పట్నంవాడికి అది కనబడదు. చెంచుకు వైరు కంటే ముందు పక్కనే విరిచిన కొమ్మ కనబడుతుంది, ఎవడు ఎటునుంచి వచ్చాడో కనబడుతుంది. ఉచ్చు ఎక్కడ వేస్తారో వేసిన చేతులకే తెలుస్తుంది.

ఈ ఉద్యోగం ప్రాణం తీయడం మనకూ కొత్త కాదు. రాజమండ్రిలో పుట్టిన పందిళ్ళపల్లి శ్రీనివాస్ కర్ణాటక అటవీ అధికారిగా, గంధపు చెక్కల దొంగ వీరప్పన్ ముఠా ఊళ్ళోనే ఇళ్ళు, వైద్యం చూసి జనాన్ని తనవైపు తిప్పుకున్నాడు. లొంగిపోతానన్న మాట నమ్మి 1991 నవంబరులో ఆయుధం లేకుండా వెళ్ళాడు. వీరప్పన్ అతని తల నరికాడు. చనిపోయాక కీర్తిచక్ర ఇచ్చారు. తుపాకి పట్టుకుని వెళ్ళినవాళ్ళు సాధించనిది అతను అప్పటికే సగం సాధించాడని ఆ కొండల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మైదానంలో, కేతేపల్లి లాంటి చోట, రైతుకు పులి బాధ లేదు. అడవిపంది బాధ ఉంది. రాత్రికి రాత్రి వేరుశనగ చేను దున్నినట్టు చేసి పోతుంది. కడుపు మండినవాడు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతాడు. పంది కంటే ముందు పక్క పొలం రైతు ఆ తీగ తొక్కి పోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. అర్జీ పెట్టుకుని అటవీశాఖ అనుమతి వచ్చేలోగా పంట అయిపోతుంది. 2021లో ప్రభుత్వం దీనికో దారి వెదికింది: సర్పంచులను గౌరవ వైల్డ్‌లైఫ్ వార్డెన్లను చేసి, పంట పాడుచేసే పందులను లైసెన్సున్న షూటర్లతో కొట్టించే అనుమతి వాళ్ళే ఇవ్వవచ్చంది. పడవల నమోదును స్థానిక సంస్థలకు ఇవ్వవచ్చన్న చట్టమూ అదే ఏడాదిది. ఢిల్లీలో, హైదరాబాద్‌లో మూడుగా చీలిన పని చుట్టుతిరిగి గ్రామపంచాయతీ బల్ల మీదికి వచ్చి చేరుతోంది. శిక్షణ, జీపు, టార్చి, రసీదు పుస్తకం మాత్రం వెంట రాలేదు.

2024 జనవరి చివరికి తెలంగాణ సర్పంచుల పదవీకాలం ముగిసింది. ఎన్నికలు జరిగేసరికి 2025 డిసెంబరు వచ్చింది. దాదాపు రెండేళ్ళు ఊళ్ళకు సర్పంచి బదులు స్పెషల్ ఆఫీసరు; ఆయనకు అసలు ఉద్యోగం వేరే ఆఫీసులో. పందులు ఆ రెండేళ్ళూ చేలలోకి వస్తూనే ఉన్నాయి.